రిజిస్టరులో ఒక గడి

లాడ్జి రిజిస్టరులో పేరు రాశాను,
ఊరు అద్దంకి అని రాశాను,
వచ్చిన పని దగ్గర, కొండ చూడ్డానికి.
"ఎన్ని దినాలు?" దగ్గర
పెన్ను ఆగింది.

మాల్యాద్రి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"ఉదయగిరిలో చూసేదేముందమ్మా,
పొద్దన్నే ఎక్కితే మజ్జానానికి దిగొస్తారు.
రెండింటికి నెల్లూరు బస్సుండాది.
సగం రోజుకి సగం బాడుగే తీసుకుంటాలే" అన్నాడు.
అతని లెక్కలో కొండకి
ఒక్క పూట.

నేనూ లెక్కలదాన్నే, ట్రెజరీ ఆఫీసులో.
డిసెంబరు ముప్పై ఒకటి దాటితే
మురిగిపోయే సెలవులు మూడున్నర ఉన్నాయి.
ఆత్మకూరు దాటాక బస్సు కిటికీలో
కొండ అడ్డంగా లేచినప్పట్నుంచీ
వాటిని వేళ్ల మీద తిప్పుతూనే ఉన్నాను.

ఈ కొండ కిందే
రాయల దండు ఏడాదిన్నర కాచుకుందని
బడిలో రెండు మార్కుల జవాబుగా రాశాను.
ఏడాదిన్నర!
గుర్రాలకి ఎన్ని పుట్ల ఉలవలు,
ఎన్ని జతల చెప్పులు అరిగాయో
ఎవరి పద్దులోనూ చూడలేదు.
ఆ దండులో ఒకడు
సజ్జ కోతలకల్లా వచ్చేస్తానని
ఇంటికాడ చెప్పొచ్చుంటాడు.
వాడి గడిలో ఏం రాశారో.

గడి వదిలేసి పడుకున్నాను.

మర్నాడు ఎక్కాను.
కూలిన బురుజులు, పైకప్పు లేని కొట్లు,
గుమ్మటం లోపల నా దగ్గే నాకు రెండుసార్లు వినపడింది.
పదకొండూ నలభైకి కిందున్నాను.
మాల్యాద్రి లెక్క తప్పలేదు.
నాకు కొంచెం కోపం వచ్చింది.

బస్సుకి ఇంకా టైముందని
గరిటెలు చెక్కే వీధిలోకి తిరిగాను.
గడపలో కాళ్లు చాపుక్కూచుని
ఖాతూన్ బీ నర్ది చెక్కని ఆకురాయితో గీస్తోంది.
చేపతోక పిడి పెరుగు గరిటె కావాలన్నాను.
"చెక్కిస్తా. కానీ కర్ర పచ్చిది మే.
ఇంటికి పోయినాక పగల్తాది.
ఆరాల. ఎండలో గాదు, నీడన."
"ఎన్ని రోజులు?"
ఈసారి అడిగింది నేను.
ఆమె చెక్కని బుగ్గకి ఆనించుకుంది,
బిడ్డకి జ్వరం చూసినట్టు.
"ఇదే చెప్తాది."

రెండింటి బస్సు
నేను లేకుండానే పోయింది.

రెండోరోజు కొండ సగమే ఎక్కాను.
ఒక మలుపు దగ్గర మెట్లన్నీ
గోడ వైపే అరిగున్నాయి.
అవతల లోయ.
బరువు మోసేవాళ్లు గోడకి భుజం రాసుకుంటూ
పోయి వచ్చుంటారు.
భయానికి ఇంత నునుపు ఉంటుందని తెలీదు.
అరచెయ్యి పెట్టి చాలాసేపు కూచున్నాను.
నిన్న ఇదే మలుపుని
ఫోనులో నాలుగు ఫోటోలు తీసి దాటాను.

మూడోరోజు ఎక్కనే లేదు.
టీ అంగడి బెంచీ మీద
కొండ నీడ దిగిరావడం చూశాను.
అది కోడిగుడ్ల కొట్టు దాటగానే
దర్జీ మిషను లోపలికి జరుపుకున్నాడు,
ఒక ముసలాయన శాలువా దులిపాడు.
గడియారం ఎవరూ చూళ్లేదు.

ఆఖరి సగం రోజు మిగిలింది.
ఖాతూన్ బీ చెక్కని మళ్లీ బుగ్గకి ఆనించి
తల అడ్డంగా ఊపింది.
"ఇంకో రెండు దినాలు."
నా దగ్గర లేవన్నాను.
అయితే ఏం చేసేదని
చేపకి పొలుసులు గీసి, చింతగింజంత కన్ను పెట్టి,
పాత ఉర్దూ పేపర్లో చుట్టి ఇచ్చింది.
రేటు తగ్గించింది. నేను ఒప్పుకోలేదు.

లాడ్జిలో మాల్యాద్రి ఖాళీ గడి చూపించి
"ఇదేంది, ఏమీ రాయలేదే?" అని
తనే రాసుకున్నాడు: మూడున్నర.
సంతకం పెట్టాను.

జనవరి రెండోవారంలో
గరిటె గుంటలో
వెంట్రుక మందాన చీలిక వచ్చింది.
మానకుండా వాడుతున్నాను.
పెరుగు వడ్డించేటప్పుడు అక్కణ్ణుంచి
ఒక బొట్టు జారి
నా చేతి మీద పడుతుంది,
చల్లగా,
రెండు రోజులంత.